తల్లి దొరకని శీర్షికలు: బళ్ళారి పుస్తకాలు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి విషయసూచికలు

1904లో అచ్చయిన బళ్ళారి జిల్లా గెజెటీరులో ప్రతి అధ్యాయం నెత్తిన ఒక పేరా ఉంటుంది. ఐ.సి.ఎస్. అధికారి డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన పుస్తకం అది. ఆ పేరాలో ముందు ఒక పెద్ద విషయం పేరు, వెంటనే అడ్డగీత, ఆపైన దాని కిందికి వచ్చే చిన్న విషయాలు అడ్డగీతలతో వరుసగా ఉంటాయి. చివర చుక్క. చుక్క తర్వాత మరో పెద్ద విషయం, మళ్ళీ అడ్డగీతలు. మద్రాసు జిల్లా గెజెటీర్లలో నడిచిన పద్ధతే ఇది. రెండు మెట్ల విషయసూచికను ఒక్క పేరాలో మడిచి పెట్టారు. అడ్డగీత పిల్ల విషయం మొదలైందని చెబుతుంది, చుక్క ఆ గుంపు అయిపోయిందని చెబుతుంది. చదివేవారికి ఏ తికమకా లేదు.

తికమక వచ్చేది ఆ పుస్తకాన్ని వెబ్ పేజీగానో ఈపబ్‌గానో మార్చబోయినప్పుడు. స్కాన్ నుంచి ఓసీఆర్, ఓసీఆర్ నుంచి వర్డ్, వర్డ్ నుంచి హెచ్‌టీఎమ్‌ఎల్ అయ్యేసరికి మెట్లన్నీ కూలి ఒకే చదును నేల మిగులుతుంది. ఒక శీర్షిక, కింద నాలుగు పేరాలు, ఇంకో శీర్షిక, మళ్ళీ పేరాలు. ఏది దేని కిందిదో చెప్పే ఆధారం ఒక్కటే: హెచ్1 నుంచి హెచ్6 దాకా శీర్షిక మీద ఉన్న అంకె. ఆ అంకె వేసింది ఎవరు? చాలాసార్లు అక్షరాల సైజు చూసి ఊహించిన సాఫ్ట్‌వేర్. గెజెటీరు పేజీల అంచున మార్జిన్‌లో అచ్చయిన విభాగాల పేర్లు ఓసీఆర్‌లో వాక్యం మధ్యకు వచ్చి పడతాయి. దిద్దేవారు వాటిని బయటికి లాగి తోచిన అంకె ఇస్తారు. ఒక అధ్యాయంలో 2 తర్వాత 3 వస్తుంది, పక్క అధ్యాయంలో 2 తర్వాత నేరుగా 4 వస్తుంది, ఇంకోచోట 2 రాకముందే 3 వచ్చి కూర్చుంటుంది.

ఇలాంటి చదును వరుస నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడిన విషయసూచికను ఎక్స్‌ఎస్‌ఎల్‌టితో, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాలను మరో రూపానికి మార్చే భాషతో, రాబట్టడానికి పాతికేళ్ళుగా రకరకాల పద్ధతులు నడుస్తున్నాయి. అంకెలు సక్రమంగా ఉన్నంతవరకూ అన్నీ ఒకే జవాబు ఇస్తాయి. అంకె తప్పిన చోటే ఏ పద్ధతి ఏం మింగేస్తుందో బయటపడుతుంది. ఆ చోట్లు పట్టి చూడటానికి బళ్ళారి పుస్తకాలను మించినవి నాకు కనబడలేదు. ఎందుకంటే ఈ జిల్లాలో మెట్లు పుస్తకంలోనే కాదు, నేల మీదా నిలకడగా లేవు.

1872లో జె. కెల్సాల్ బళ్ళారి జిల్లా మాన్యువల్ వేసేనాటికి అనంతపురం ఈ జిల్లాలోనే ఉంది. అది వేరే జిల్లా అయింది 1882లో. 1904 గెజెటీరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్ళారి తాలూకాలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆ మూడూ ఇటు వచ్చాయి, తక్కినవి మైసూరుకు పోయాయి. హరపనహళ్ళి 1997లో దావణగెరెకు వెళ్ళి, మళ్ళీ బళ్ళారికి వచ్చి, 2021లో కొత్త విజయనగర జిల్లాలో చేరింది. హొసపేట, దానితో పాటు హంపీ బళ్ళారి నుంచి నేరుగా ఆ కొత్త జిల్లాలోకే వెళ్ళాయి. సండూరు కథ అన్నిటికన్నా వేరు. జిల్లా నడిబొడ్డున ఉన్నా అది సంస్థానం, 1949 దాకా ఎవరి తాలూకా కాదు. ఇవాళ మామూలు తాలూకా. మరి 1904 పుస్తకాన్ని డిజిటల్ చేసేటప్పుడు సండూరు శీర్షికకు ఏ అంకె ఇవ్వాలి? ఇప్పటి పటం చూసి తాలూకాల వరుసలో కూర్చోబెడితే ఫ్రాన్సిస్ పుస్తకానికి అన్యాయం చేసినట్టే. అంకె ఎప్పుడూ ఉత్త అలంకారం కాదు, ఒక్కోసారి అది చరిత్ర గురించిన వాదన.

ఇక పద్ధతుల సంగతి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1999 నవంబరు 16న ప్రమాణంగా ప్రకటించింది. సంపాదకుడు జేమ్స్ క్లార్క్. అందులో గుంపులు కట్టడానికి ప్రత్యేకమైన ఆదేశం ఏదీ లేదు. అందుకని జనం ముందు పట్టుకున్నది సూటి దారి: ప్రతి హెచ్2 దగ్గర ఆగి, దాని తర్వాత వచ్చే హెచ్3లలో తమకు వెనక దగ్గరి హెచ్2 ఇదే అయిన వాటిని ఏరుకోవడం. ఆ హెచ్3 దగ్గర ఆగి హెచ్4లను అలాగే ఏరుకోవడం. ఇప్పటికీ ఎక్కువమంది మొదట రాసేది ఇదే. దీనికి రెండు జబ్బులున్నాయి. చిన్నది వేగం: 600 శీర్షికలున్న పుస్తకంలో పోలికలు దాదాపు 1,80,000 దాకా పోవచ్చు. నేటి యంత్రాలకు అది లెక్కలోది కాదు. పెద్ద జబ్బు వేరే. 2 తర్వాత 3 లేకుండా 4 వచ్చిందనుకోండి. హెచ్2 తన పిల్లల్లో హెచ్3లనే వెతుకుతుంది, హెచ్4ను వెతకాల్సిన హెచ్3 అసలు లేదు. ఆ శీర్షిక సూచికలోంచి చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. తప్పు సందేశం రాదు, పేజీ చక్కగానే కనబడుతుంది, పుస్తకంలో ఒక భాగానికి మాత్రం దారి ఉండదు. గట్టిగా విరిగి పడే ప్రోగ్రాము కన్నా ఇలా మౌనంగా మింగేసేది ప్రమాదకరం.

తర్వాతి మెట్టు ఆరకిల్‌లో పనిచేసిన స్టీవ్ మ్యూంచ్ పేరు మీద మ్యూంచియన్ పద్ధతిగా స్థిరపడింది. కీ అనే సదుపాయంతో ముందే ఒక పట్టిక కట్టి, ఒకే తాళానికి చెందిన వాటిని ఒక్క దెబ్బలో తీసుకోవడం దాని కిటుకు. విషయసూచికకు దాన్ని వాడినప్పుడు ప్రాణమంతా తాళం ఎలా నిర్వచించామన్న దాంట్లోనే ఉంది. హెచ్4కు తాళంగా 'వెనకనున్న దగ్గరి హెచ్3' అని రాస్తే పాత జబ్బే. 'వెనకనున్న హెచ్1, హెచ్2, హెచ్3లలో ఏది దగ్గరైతే అది' అని రాయాలి. ఆ దొరికిన శీర్షికను జెనరేట్-ఐడీ ప్రమేయానికి ఇస్తే వచ్చే గుర్తే తాళం. అప్పుడు మధ్యలో హెచ్3 లేకపోయినా హెచ్4 నేరుగా హెచ్2 ఒడిలోకి చేరుతుంది.

ఇందులో ఒక ముచ్చటైన సంగతి ఉంది. తనకన్నా పై మెట్టు శీర్షిక వెనక ఒక్కటీ లేని శీర్షిక, అంటే పుస్తకం మొదట్లోనే వచ్చిన హెచ్3 లాంటిది, జెనరేట్-ఐడీకి ఇచ్చేందుకు ఏమీ లేక ఖాళీ చేతులతో వెళుతుంది. ఖాళీకి ఆ ప్రమేయం ఖాళీ పదబంధాన్నే తిరిగి ఇవ్వాలని ప్రమాణంలోనే ఉంది. కాబట్టి తల్లి లేని శీర్షికలన్నీ ఖాళీ తాళం కింద తమంతట తామే పోగవుతాయి. సూచికను అక్కడి నుంచి మొదలుపెడితే చాలు, అనాథలకు వేరే ఏర్పాటు అక్కర్లేదు.

2007 జనవరి 23న వచ్చిన 2.0 ఈ కష్టాన్ని చాలావరకు తీర్చిందంటారు. మైకేల్ కే సంపాదకత్వంలో వెలువడిన ఆ ప్రమాణంలో ఫర్-ఈచ్-గ్రూప్ ఆదేశం చేరింది. దానికున్న గ్రూప్-స్టార్టింగ్-విత్ అనే షరతు మన పనికి అచ్చంగా సరిపోతుంది: ఫలానా రకం శీర్షిక కనబడ్డ ప్రతిచోటా కొత్త గుంపు మొదలు. గెజెటీరు అధ్యాయం నెత్తిన ఉన్న చుక్క చేసే పని ఇదే. ఈ పనిని ఒక ప్రమేయంగా రాసుకుని, గుంపు లోపల మిగిలిన వాటిని మళ్ళీ దానికే పంపితే మెట్టు వెంట మెట్టు చెట్టు లేస్తుంది. పది పదిహేను పంక్తులు మించదు.

అయితే గుంపు ఏ అంకె దగ్గర మొదలవ్వాలి? పాఠ్యపుస్తకాల్లో కనిపించే నమూనాలు 1 నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచుకుంటూ పోతాయి. అంకె తప్పిన చోట అవి ఖాళీ మెట్టును సృష్టిస్తాయి, లేదా గుంపు మొదట్లో ఉన్నది ఆ అంకెదే అని నమ్మి తప్పు శీర్షికను నెత్తిన పెట్టుకుంటాయి. కొందరు తెలివిగా, చేతిలో ఉన్న వరుసలో మొదటి శీర్షిక అంకె తీసుకుని, అంతకు సమానమో చిన్నదో అయిన ప్రతి అంకె దగ్గరా గుంపు మొదలుపెడతారు. చూడ్డానికి బాగుంటుంది. బళ్ళారి పుస్తకం లాంటి దాని మీద పెట్టి చూడండి: పీఠికకు 3 పడింది, తర్వాత మొదటి అధ్యాయానికి 2, దాని కింద కొండల గురించిన భాగానికి 3. వరుస 3, 2, 3. మొదటి అంకె 3 కాబట్టి మూడు చోట్లా కొత్త గుంపే. పీఠిక, అధ్యాయం, కొండలు ముగ్గురూ అన్నదమ్ములైపోతారు. కొండలు అధ్యాయం ఒడిలోంచి జారి కింద పడ్డాయి, దానికి కారణం అసలు సంబంధమే లేని పీఠిక.

సరైన దారి ఆ వరుసలోని అంకెల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవడం. ఇక్కడ అది 2. గుంపులు రెండు: 3 ఒక్కటీ ఒకటి, 2తో పాటు దాని వెంట ఉన్న 3 మరొకటి. మొదటి గుంపు 2తో మొదలు కాలేదు, కాబట్టి అది అనాథ గుంపు. దాన్ని లోపలికి నెట్టకుండా అదే మెట్టు మీద, అదే ప్రమేయంతో మళ్ళీ విడదీయాలి. పీఠిక బయట నిలబడుతుంది, కొండలు అధ్యాయం కిందే ఉంటాయి. 2, 4, 3, 4 అనే ఇంకా చిక్కు వరుస ఇచ్చినా ఇది తడబడదు: మొదటి 4, ఆ తర్వాతి 3 రెండూ 2కు పిల్లలు, చివరి 4 ఆ 3కు పిల్ల.

ఆ చెట్టును, పైన చెప్పిన కీ పద్ధతి ఇచ్చే చెట్టును పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉండదు. ఉండకూడదు కూడా. రెండింటి అడుగునా ఉన్న సూత్రం ఒకటే: ఏ శీర్షికకైనా తల్లి, వెనక్కి నడుస్తూ పోతే తనకన్నా చిన్న అంకెతో మొదట ఎదురయ్యే శీర్షిక. 2017 జూన్ 8న వచ్చిన 3.0లో ఇటరేట్ అనే ఆదేశం ఉంది. శీర్షికలను వరుసగా చదువుతూ, తెరిచి ఉన్న తల్లుల దొంతరను చేతిలో పట్టుకుని, కొత్త అంకె రాగానే దానికి సమానమైనవీ పెద్దవీ పైనుంచి తీసేస్తూ పోవచ్చు. అదీ ఈ సూత్రమే, ఒక్క నడకలో అయిపోతుంది. చాలా పెద్ద పుస్తకానికి తప్ప అంత అవసరం రాదు.

ఈ దొంతర ఆలోచనతోనే ఇంకొక అడ్డదారి కూడా పుట్టింది. మెట్టు దిగినప్పుడు జాబితా తెరిచే ట్యాగును, ఎక్కినప్పుడు మూసే ట్యాగును ఉత్త అక్షరాలుగా రాసిపడేసి, వాటిని అలాగే బయటికి వదలమని ఎక్స్‌ఎస్‌ఎల్‌టికి చెప్పడం. పాత స్టైల్‌షీట్లలో, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టి ప్రోగ్రాముల్లో, ఇది ఇంకా కనబడుతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి చెట్లు కట్టే భాష, అక్షరాలు చల్లే భాష కాదు. 2 నుంచి 4కు దిగినప్పుడు రెండు తెరిచి, 4 నుంచి 3కు ఎక్కినప్పుడు ఒకటి మూసి, లెక్క ఒక్కచోట తప్పితే ఫైలంతా చెల్లదు. ఎవరైనా చేస్తుంటే మానేయమనే చెబుతాను.

ఇంతవరకు వచ్చాక అసలు తగువు మొదలవుతుంది. 2 నుంచి 4కు దూకిన చోట సూచికలో ఖాళీ మెట్టు వదలాలా, మూసేయాలా? ప్రమాణాలే ఈ విషయంలో ఒక్క తీరుగా లేవు. 1999 డిసెంబరు నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4.01, మెట్లు దూకడం మంచిది కాదని కొందరంటారని చెప్పి ఊరుకుంది. 2000లో ఐఎస్‌ఓ తెచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణం దూకుడును ఒప్పుకోలేదు. హెచ్‌టీఎమ్‌ఎల్5 ఇంకో అడుగు వేసి, అంకెను పక్కనపెట్టి, సెక్షన్ ఎంత లోపల ఉందో చూసి మెట్టును లెక్కగట్టే పద్ధతి ప్రతిపాదించింది. బ్రౌజర్లు దాన్ని అమలు చేయలేదు, 2022లో ప్రమాణంలోంచే తీసేశారు. పుస్తకాలను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాసుకునే పద్ధతులైన డాక్‌బుక్, టీఈఐ రెండూ అంకె వేసిన విభాగాలనూ, అంకె లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడే విభాగాలనూ పక్కపక్కనే ఉంచి ఎంపిక మనకు వదిలేశాయి.

ఖాళీ వదలాలనేవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. 4 వేసినవాడు కావాలనే వేసి ఉండొచ్చు, దాన్ని 3 స్థానంలో చూపిస్తే అతని ఉద్దేశం చెరిపినట్టే అంటారు. కానీ ఖాళీ మెట్టు ఉన్న సూచికను తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినేవారికి అక్కడ పేరు లేని అంశం వినబడుతుంది. ఈపబ్ 3 అయితే దాన్ని ఒప్పుకోనే ఒప్పుకోదు: నావిగేషన్ జాబితాలో ప్రతి అంశానికీ లంకెగానో మామూలు మాటగానో ఏదో ఒక పేరు ఉండి తీరాలి. లేని పేరును పుట్టించడం సంపాదకుడు చేయాల్సిన పని, స్టైల్‌షీటుకు ఆ హక్కు లేదు. కాబట్టి నా ఓటు మూసేయడానికే. సూచికలో మూసేయాలి, పుస్తకం లోపలి శీర్షికల అంకెలను మాత్రం ముట్టుకోకూడదు. దూకిన ప్రతిచోటా మెసేజ్ ఆదేశంతో ఒక పంక్తి రాయించి దిద్దేవారికి పంపాలి. అది పొరపాటో, పుస్తకం తీరో వాళ్ళు తేలుస్తారు.

పుస్తకం తీరే అలా ఉండటం అరుదేమీ కాదు. దీనికి బళ్ళారి నాటకాలు సాక్ష్యం. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిచిన ఊరు ఇది. ఆ తర్వాత బళ్ళారి రాఘవ (1880–1946) ఈ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఆ కాలపు తెలుగు నాటకాల అచ్చుప్రతుల్లో అంకం, దాని లోపల రంగం అనే రెండు మెట్లు తిన్నగానే ఉంటాయి. వాటి పక్కన నాంది, ప్రస్తావన ఎక్కడ పెట్టాలి? అవి మొదటి అంకం ముందు నిలబడతాయి, అక్షరాలు మాత్రం రంగం శీర్షిక అంత చిన్నవి. ఓసీఆర్ వాటికి 3 ఇస్తుంది, అంకానికి 2 ఇస్తుంది. పైన చూసిన 3, 2, 3 వరుస ఇదే. విష్కంభం ఇంకా ఇరకాటం. అది రాబోయే అంకానికి చెందినది. అంకం శీర్షిక కింద అచ్చు వేస్తే చిక్కు లేదు, పైన వేస్తే ఏ పద్ధతైనా దాన్ని అయిపోయిన అంకానికే కట్టబెడుతుంది. అంకెలు చూసి దీన్ని సరిచేసే కిటుకు లేదు. ఆ ఒక్క శీర్షికకు చేత్తో గుర్తు పెట్టాల్సిందే. నాటకాలకైతే శీర్షికల అంకెల జోలికి పోకుండా, ముందే టీఈఐలో అంకం, రంగం అని విభాగాల రకం రాసుకోవడం మేలు. అప్పుడు సూచిక దానంతట అదే వస్తుంది.

ఇక సూచికలోంచి శీర్షికకు వెళ్ళే లంకెల గుర్తుల దగ్గర తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. శీర్షికనే గుర్తుగా వాడితే 'బళ్ళారి' అనే చిన్న మాట యూనికోడ్‌లో 7 సంకేతాలు, 21 బైట్లు. చిరునామాలో శాతం గుర్తులతో రాస్తే 63 అక్షరాలు. అదీ కాక ఆదోని తాలూకా అని ఒక శీర్షిక, దాని కింద ఆదోని అని పట్టణానికి ఒక శీర్షిక ఉన్న పుస్తకంలో 'తాలూకా' అనే మాటను ఎవరైనా కత్తిరిస్తే గుర్తులు ఢీకొంటాయి. పోనీ జెనరేట్-ఐడీ ఇచ్చిన గుర్తే వాడదామంటే, అది ఈసారి నడిపినప్పుడు ఒకటి, మరోసారి ఇంకొకటి కావచ్చు. బయటివాళ్ళు పెట్టుకున్న లంకెలు తెగిపోతాయి. తల్లి శీర్షికల వరుస సంఖ్యలను కలిపి, ముందు ఒక అక్షరం తగిలించి గుర్తు చేస్తే నిలకడగా ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో గుర్తు అంకెతో మొదలు కాకూడదు, అందుకే ఆ అక్షరం. సూచికలో అధ్యాయాల సంఖ్యలు తెలుగు అంకెల్లో కావాలనేవారికి శుభవార్త ఒకటి: నంబర్ ఆదేశం నమూనాలో ౧ అని రాస్తే ౧, ౨, ౩ అని ఇవ్వాలని 1.0 ప్రమాణంలోనే ఉంది. చదును వరుస మీద కాకుండా, చెట్టు కట్టిన తర్వాత రెండో విడతలో అంకెలు వేయించాలి.

ఆ రెండు విడతల పనే నా తీర్పు కూడా. మొదటి విడతలో శీర్షికలను మాత్రమే ఏరి, ఖాళీవి తీసేసి, పాదసూచికల నక్షత్రాలు వదిలించి, అంకెతో సహా ఒక చదును జాబితా చేయాలి. శీర్షికలు వేరువేరు పెట్టెల్లో ఉన్నా ఇక్కడే ఒక వరుసకు వస్తాయి. రెండో విడతలో చిన్న అంకె సూత్రంతో చెట్టు కట్టాలి. 2.0 తెలిసిన శాక్సన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఫర్-ఈచ్-గ్రూప్, 1.0కే పరిమితమైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి-ప్రాక్ మాత్రమే ఉంటే కీ పద్ధతి. అందులో మొదటి విడత ఫలితాన్ని చెట్టుగా చదవడానికి నోడ్-సెట్ అనే అదనపు ప్రమేయం కావాలి. ఇదంతా పుస్తకం తయారుచేసే చోటే జరగాలి. బ్రౌజర్లకు తెలిసింది 1.0 ఒక్కటే. అదీ తీసేస్తామని క్రోమ్ బృందం 2025లో ప్రకటించింది కాబట్టి చదివేవారి బ్రౌజరు మీద ఈ భారం పెట్టకూడదు.

చివరగా సరిచూసుకోవడం. లోపలికి వెళ్ళిన శీర్షికల సంఖ్య, సూచికలో బయటికి వచ్చిన అంశాల సంఖ్య ఒకటిగా ఉన్నాయా అని ఒక్క పంక్తిలో అడిగించవచ్చు. మౌనంగా మింగే పద్ధతులన్నీ ఆ ఒక్క ప్రశ్నకే దొరికిపోతాయి. అన్నీ వచ్చాయి గాని తప్పు తల్లి కిందికి చేరాయేమో అన్నది ఈ లెక్క చెప్పదు. దానికి మూలమే చూడాలి. గెజెటీర్లను, పాత నాటకాలను తెలుగు, కన్నడ వికీసోర్సుల కోసమో సొంతంగానో టైపు చేస్తున్నవారికి అందుకే ఒక మనవి. అధ్యాయం నెత్తిన ఉన్న ఆ అడ్డగీతల పేరాను, కొత్త సూచిక వచ్చింది కదా ఇక అనవసరం అని తీసేయకండి. ఏది దేని కిందిదో ఆ పుస్తకం చేసినవాళ్ళే రాసి ఇచ్చిన జవాబు అది. మీ స్టైల్‌షీటు ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి అంతకన్నా నమ్మకమైనది ఇంకెక్కడా దొరకదు.